హోరున్న చెవికి చుక్కల మందు: ఒక ధర్మసందేహం

చెవిహోరు ఉన్నవారికి యాంటీబయాటిక్ చుక్కలు వేయవచ్చా అన్నది పైకి వైద్యప్రశ్న. వైద్యం దానికి చాలావరకు జవాబు చెప్పింది కూడా. వైద్యం ఒక్కటే తేల్చలేని భాగం తత్త్వశాస్త్రానిది. ఒక్కరికే వినిపించే శబ్దాన్ని మిగతావారు సాక్ష్యంగా ఎంతవరకు ఒప్పుకోవాలి? అరుదుగా జరిగినా మళ్లీ బాగుకాని నష్టాన్ని ఏ తూకంతో తూచాలి? కళ్లెదుట కారుతున్న చీముకూ రేపు రాగల చెవుడుకూ మధ్య నిర్ణయం ఎవరిది?

నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఈ ప్రశ్న మందుల షాపు ముందే తేలిపోతుంటుంది. "చెవు కారుతుంది" అంటే చుక్కల సీసా చేతికొస్తుంది. లోపల గుయ్యిమంటున్న సంగతి అడిగేవారుండరు, చెప్పే సందర్భమూ రాదు. వాడపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు, రాళ్ల క్వారీల్లో డ్రిల్లు పట్టినవారు, ముంబై, పుణె నగరాలకు వలసపోయి వచ్చిన పాలమూరు కూలీలు ఏళ్ల తరబడి పెద్ద చప్పుళ్ల మధ్య బతికినవారు. అలాంటి చెవికి హోరు ముందే ఉండే అవకాశం ఎక్కువ. చిన్ననాటి చెవి కారుడు వల్ల కర్ణభేరికి చిల్లు మిగిలి, ఆ సంగతి తెలియకుండానే పెద్దవారైనవారూ ఉంటారు. హోరు, చిల్లు, చీము ఒకే చెవిలో కలిసినప్పుడే ఈ సందేహానికి బరువు వస్తుంది.

ముందు శరీరం సంగతి. ఒక్కో చెవి లోపలి శంఖంలో శబ్దాన్ని పట్టే కేశకణాలు సుమారు 15,000 ఉంటాయి. చనిపోయిన కణం మనుషుల్లో మళ్లీ పుట్టదు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, నియోమైసిన్, ఫ్రామైసెటిన్ ఒకే కుటుంబానికి చెందిన పాత రకం యాంటీబయాటిక్ మందులు. అవి లోపలి చెవిలోకి చేరితే ఈ కణాలను, శరీరం తూలకుండా కాచే కణాలను చంపగలవు. 1943లో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగుల ప్రాణాలు నిలిపింది. కొద్ది ఏళ్లలోనే కొందరికి తల తిరుగుడు, చెవుడు మిగిల్చిందని కూడా తెలిసింది. అయితే అది సూదిమందు సంగతి. చుక్కల సంగతి వేరు. కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉంటే చుక్క బయటి కాలువలోనే ఆగిపోతుంది, లోపలి చెవికి చేరదు. చిల్లు ఉంటే మధ్య చెవిలోకి దిగి, గుండ్రని కిటికీ అనే పలుచని పొర గుండా లోపలికి ఇంకే వీలుంటుంది. ఇక్కడొక విచిత్రం ఉంది. చీము పోస్తున్నప్పుడు ఆ పొర వాచి మందంగా ఉంటుంది, మందు అంతగా ఇంకదు. చీము ఆరి చెవి బాగుపడ్డాక పొర పలుచబడుతుంది. అప్పటికీ చుక్కలు వేస్తూ పోతేనే అపాయం పెరుగుతుంది. "ఇంకో వారం వేస్తే మంచిదే" అనే అలవాటు ఇక్కడే దెబ్బతీస్తుంది.

వేరే కుటుంబానికి చెందిన సిప్రోఫ్లోక్సాసిన్, ఆఫ్లోక్సాసిన్ చుక్కలకు కేశకణాలను చంపే గుణం కనిపించలేదు. 1997లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆఫ్లోక్సాసిన్ చుక్కలను చిల్లు ఉన్న చెవికీ అనుమతించింది. 2004లో అక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యుల బృందం చిల్లున్న చెవికి హానిలేని మందునే ముందు ఎంచుకోవాలని చెప్పింది. 2007లో బ్రిటన్ వైద్యులు కాస్త వేరుగా ఆలోచించారు: స్పష్టమైన ఇన్‌ఫెక్షన్ ఉంటే పాత రకం చుక్కలూ వేయవచ్చు, కానీ రెండు వారాలు మించకూడదు. చీమును వదిలేసినా వినికిడి పోతుందన్నది వారి వాదం. అందులో నిజం ఉంది. వదిలేసిన చీము ఎముకను తిని, ఒక్కోసారి మెదడు పొరలకూ పాకుతుంది.

ఇక సాక్ష్యం సంగతి. ప్రాచీన భౌతికవాదులైన చార్వాకులకు ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం, అంటే జ్ఞానానికి ఆధారం. చెవిహోరు ప్రత్యక్షమే, కానీ ఒక్కరికే. రక్తనాళాల వంటివాటి వల్ల వచ్చే అరుదైన రకాలు తప్ప, పక్కనున్నవారికీ డాక్టరుకూ అది వినిపించదు. న్యాయదర్శనం చెవిని ఆకాశంగా, శబ్దాన్ని ఆకాశ గుణంగా చెబుతుంది. తెలుగువాడైన అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లోనూ ఇదే మాట. ఆ లెక్కన శబ్దం ఎక్కడో పుట్టి అలలా చెవిదాకా రావాలి. చెవిహోరుకు అలాంటి పుట్టుక లేదు. లోపలి చెవి నుంచి రావలసిన సంకేతాలు తగ్గినప్పుడు మెదడు తన ఆరా పెంచుకుంటుందని, ఆ ప్రయత్నమే హోరుగా అనుభవానికి వస్తుందని నేటి శాస్త్రం భావిస్తోంది. మూలం లేదు కనుక అనుభవం అబద్ధమని తేల్చేస్తే అది తర్కం కాదు, తొందరపాటు. న్యాయదర్శనం అంగీకరించే నాలుగో ప్రమాణం శబ్దం, అంటే ఆప్తవాక్యం. ఉన్నదాన్ని ఎరిగి, ఎరిగినట్టే చెప్పేవాడు ఆప్తుడు. ఈ ఒక్క విషయంలో ఆ ఆప్తుడు రోగి, డాక్టరు కాదు. చదువురాని కూలీ "నిన్నటికంటే గుయ్యిమనుడు ఎక్కువైంది" అంటే, చుక్కల విషయంలో చాలాసార్లు ముందుగా అందే సాక్ష్యం అదే. పాత రకం మందులు మొదట తినేది పైస్థాయి శబ్దాలను వినే కణాలను కనుక, మాటలు వినడంలో తేడా చాలా ఆలస్యంగా బయటపడుతుంది.

ఆప్తవాక్యం అనుభవానికి ప్రమాణమే గానీ కారణానికి కాదు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగితే కాకే రాల్చిందనుకోవడాన్ని పెద్దలు కాకతాళీయం అన్నారు. చీము పట్టిన చెవి ఏ మందూ లేకుండానే హోరెత్తుతుంది. చుక్కలతో మధ్య చెవి నిండినా కాసేపు హోరు మారుతుంది. చల్లని చుక్క పడితే తల తిరగడం మందు విషం వల్ల కాదు, చల్లదనం వల్ల. సీసాను కాసేపు అరచేతిలో వెచ్చబెట్టుకుంటే చాలు. చుక్కలు వేసిన మర్నాడు హోరు పెరిగిందంటే చుక్కే కారణమని తేలిపోదు, కాదనీ తేలిపోదు. అప్పుడు చేయవలసింది వాదన కాదు, వినికిడి పరీక్ష. మొదటి చుక్కకు ముందు తీసిన పరీక్ష ఉంటేనే పోల్చడానికి ఏదైనా ఉంటుంది.

హఠయోగ గ్రంథాలు చెప్పే అనాహత నాదం, అంటే ఏ తాకిడీ లేకుండా లోపల మోగే ధ్వని, ఈ హోరేనని కొందరు ఓదారుస్తారు. చెవులు మూసుకుని వెతికి వినే సాధకుడూ, మూసినా వదలని మోతతో నిద్రపట్టని రోగీ ఒకటి కారు. ఓదార్పుగా ఆ మాట చెల్లవచ్చు, పరీక్ష మానేయడానికి సాకుగా చెల్లదు.

తూకం విషయంలో నల్లగొండకు పరాయి ఉదాహరణ అక్కర్లేదు. ఆ జిల్లా నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచుతున్న తీరు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ల ముందు నిలిచిన ప్రశ్నా ఇలాంటిదే. దాహం ఇవాళ్టిది, ఆపలేనిది. హాని నెమ్మదిది, కంటికి ఆనదు, వచ్చాక పోదు. నీళ్లు తాగడం మానమని ఎవరూ అనలేదు. తాగక తప్పదు కనుక ఏ నీరైనా ఒకటేననీ అనలేదు. జవాబు నీళ్లను మార్చడంలో దొరికింది: మొదట పటిక, సున్నంతో శుద్ధి చేసే నల్లగొండ పద్ధతి, తర్వాత కృష్ణా జలాలు, 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ తాగునీటి పథకం. చుక్కల సందేహంలోనూ ధర్మం ఇదే. వైద్యం మానడం, కళ్లుమూసుకుని వేయడం రెండే దారులు కావు. మూడో దారిగా మందు మార్చుకునే వీలుంది. హానిలేని మందు పక్కనే ఉండగా, అరుదే కదా అని హాని చేయగల మందును ఎంచుకోవడాన్ని ఏ తూకమూ సమర్థించదు. పాత రకం తప్ప మరేదీ పనిచేయదని క్రిమి పరీక్షలో తేలితే మాత్రం అదే వేయాలి, తక్కువ రోజులు, వైద్యుడి కనుసన్నల్లో.

భయానికీ ఒక లెక్క ఉండాలి. సంయుక్త నికాయంలోని శల్యసూత్రంలో బుద్ధుడు రెండు బాణాల మాట చెప్పాడు: ఒకటి శరీరానికి తగిలే నొప్పి, రెండోది దాని గురించి మనసు పడే వేదన. పాత నల్లగొండలోని ఫణిగిరి గుట్టపై విహారాల్లో బతికిన భిక్షువులకు బహుశా కొత్తది కాని బోధ అది. చెవిహోరులో రెండో బాణం చాలాసార్లు మొదటిదానికంటే లోతుగా దిగుతుంది. ఆలోచనల తీరును మార్చే మానసిక చికిత్స హోరు పరిమాణాన్ని అంతగా తగ్గించకపోయినా దానివల్ల పడే బాధను తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. ఈ కారణంగానే, హోరున్న మనిషిని "చుక్కలతో చెవుడొస్తుంది" అని ఊరికే బెదిరించడమూ ఒక హానే. ఏ చుక్క, ఏ చెవికి, ఎన్ని రోజులు అన్నది విప్పి చెప్పాకే భయం గానీ ధైర్యం గానీ అర్థవంతమవుతుంది.

నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు పంచుకోవలసినదే. కర్ణభేరిని చూసి చిల్లు ఉందో లేదో చెప్పడం డాక్టరు పని. హోరు సంగతి దాచకుండా చెప్పడం రోగి పని. తల్లి తరఫు బంధువుల్లో సూదిమందు తర్వాత చెవుడు వచ్చినవారున్నారా అన్నదీ చెప్పాలి. తల్లి నుంచే సంక్రమించే ఒక జన్యులోపం ఉన్నవారిని స్ట్రెప్టోమైసిన్ కుటుంబం మందులు సులువుగా దెబ్బతీస్తాయని 1993లో గుర్తించారు. చిల్లు ఉన్నట్టు అనుమానం ఉంటే ఇంట్లో వెల్లుల్లి కాచిన నూనె కూడా పోయకూడదు. యాంటీబయాటిక్ చుక్కలు చట్టప్రకారం చీటీ మీదే అమ్మవలసిన మందులు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. చీము కారే చెవిని అక్కడి చెవి విభాగంలో చూపించాకే సీసా మూత తీయాలి. చుక్కలు వాడుతుండగా హోరు కొత్తగా పెరిగినా, నడకలో తూలినా, ఒక చెవి ఉన్నట్టుండి మొద్దుబారినా చుక్కలు ఆపి, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.