గవ్వ కొనుట హింసయగునా?

అహింసను పరమధర్మముగా నెంచు వర్తకుడు జీవహింసతో కూడిన వ్యాపారమునకు దూరముగ నుండును. కాని బరంపురమునకు సుమారు 16 కిలోమీటర్ల దూరముననున్న గోపాలపురపు తీరములో పిల్లలకు గవ్వలదండ కొనునపుడు ఆ ధర్మము గుర్తునకు రాదు. గవ్వ ఖాళీదే గదా, చంపినది తాను కాదు గదా యని సమాధానము. అది ఎంతవరకు నిలుచునో విచారింపదగును.

గవ్వయైనను, శంఖమైనను, భీమునిపట్టణపు రాళ్లనంటియుండు నత్తగుల్లయైనను, ఒక ప్రాణి తన దేహమునుండి సున్నమును స్రవింపజేసి కట్టుకొన్న ఇల్లు. నీరు తీసినపుడు రాతినత్త మూతతో నోరు బిగించి లోని తేమను కాపాడుకొనును. జైనశాస్త్రములు శంఖమును స్పర్శ, రుచి యను రెండింద్రియములు గల జీవులలో చేర్చినవి. 22వ తీర్థంకరుడగు నేమినాథుని లాంఛనము శంఖమే. పెండ్లివిందునకై బంధించిన మూగజీవులను చూచి వివాహమునే విడిచిన మహానుభావుడాయన.

గవ్వకును వర్తకమునకును పాత సంబంధము. ఒరిస్సాలో పూర్వము గవ్వలే నాణెములు. రూపాయికి 5,120 గవ్వలని లెక్క. 1803లో కటక ప్రాంతము కంపెనీ వశమైన పిమ్మట పన్ను వెండిలో కట్టవలసివచ్చి రైతులు నలిగిరి. ఆ గవ్వలు ముఖ్యముగ మాల్దీవులలో ప్రాణముతో పట్టి, చంపి, శుభ్రపరచి పంపినవి. లెక్కపెట్టిన సాహుకారుకు గవ్వ కనబడినది; ప్రాణి కనబడలేదు.

కనుక గుర్తించుటయే ఇచట ధర్మమునకు మొదటి మెట్టు. అలలు ఒడ్డునకు చేర్చిన గుల్ల తరచుగ వన్నెమాసి, అంచులరిగి యుండును. బ్రతికియున్న గవ్వను దాని మెత్తని దేహపు పొర వెలుపలనుండి కప్పి మెరుపు నిలుపును; చచ్చి ఎండలో పడియున్నకొలది ఆ మెరుపు పోవును. ఒకేరీతిగ నిగనిగలాడు గవ్వలు రాసులుగ నున్నచో, వాటిని ప్రాణముతో పట్టిరేమోయని సందేహింపవలెను. 2001లో ప్రభుత్వము కొన్ని సముద్రపు గుల్లల జాతులను వన్యప్రాణి రక్షణ చట్టము క్రిందకు తెచ్చినది. నిజముగ ఖాళీయైన గుల్ల సైతము వ్యర్థము కాదు. మెత్తని పొట్టగల ఒక జాతి పీత దానిలోనే తలదాచుకొనును.

చేయుట, చేయించుట, సమ్మతించుట యని హింస మూడు విధములు. కొనువాడు చంపడు, కాని గిరాకి యున్నంతవరకు పట్టువాడుండును. ఈ సూత్రమును వర్తకునకు వేరొకరు బోధింపనక్కరలేదు. తీరములో పొట్టకూటికై అమ్ముకొను పేదవానిని నిందించుటయు న్యాయము కాదు. ధాన్యము కొనునపుడు సరకెక్కడిదని అడుగువాడు గవ్వను గూర్చియు ఆ మాటే అడుగవలెను. జవాబు దొరకనిచో, చేయి వెనుకకు తీసికొనుటలో నష్టమేమియు లేదు.