తెలియకపోవుట దోషము కాదా?

వర్క్‌షాపువారు వీల్ అలైన్‌మెంటు అని చెప్పు చక్రముల అమరిక తప్పినచో, కారు తరచు ఒక ప్రక్కకు లాగును. మొదటి దినమున అది చేతికి తెలియును. పది దినములకు చేయి తనంతట తానే స్టీరింగును సవరించుకొనుట నేర్చును. ఆ లాగుడు ఇక స్ఫురణకు రాదు. టైరు మాత్రము ఒక అంచున అరుగుచునే యుండును.

ఒకనాడు వానలో బ్రేకు వేయగా బండి జారి, దారిన పోవువాని ప్రాణము మీదికి వచ్చినదనుకొందము. "నాకు తెలియదు" అను మాట అబద్ధము కాదు. అయినను అది చాలునా? చాలదనియే నా అభిప్రాయము. ఆ చేయి ఒకనాడు తెలిసికొన్నదే గదా! పైగా టైరు గాడులలో అరుగుదలను తెలుపు చిన్న దిమ్మెలు గలవు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినచో చుట్టునున్న రబ్బరు వానితో సమమగును. కార్లకు చట్టము విధించిన కనీసపు లోతును అంతియే.

డబ్బు చాలక టైరు మార్పించలేని టాక్సీవాని సంగతి వేరు. అతనిదియు తప్పే, కాని అతడు తెలిసి, భయపడి, మెల్లగా నడుపును. మనమో, పండుగనాడు బండి కడిగి పూలదండ వేయుదుము. స్టీరింగును పూర్తిగా త్రిప్పి, వంగి చూచిన గాని ముందు చక్రపు లోపలి అంచు కనపడదు.