గుత్తికొండ తీర్థానికి హద్దెక్కడ?

తొలి ఏకాదశి విష్ణుమూర్తి యోగనిద్రకు పోయే రోజు. శయన ఏకాదశి అనేదీ దాన్నే. ఆ రోజు పల్నాడులో పిడుగురాళ్ల మండలం గుత్తికొండ బిలం దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. వంగి, రాతిగోడ పట్టుకుని, చీకట్లోకి దిగి, లోపలి నీళ్లలో మునిగి, చీకటి మల్లయ్యకు దణ్ణం పెట్టుకుని బయటికొస్తారు. విష్ణువు పడుకునే నాడు వీళ్లంతా వచ్చేది మరో నిద్రపోతు ఇంటికి. ముచుకుందుడు పడుకున్న గుహ ఇదేనని ఇక్కడి నమ్మకం.

కథ భాగవతం దశమ స్కంధంలో ఉంది. మాంధాత కొడుకు ముచుకుందుడు దేవతల తరఫున రాక్షసులతో పోరాడి పోరాడి అలసిపోయాడు. వరం కోరుకోమంటే నిద్ర చాలన్నాడు. లేపినవాడు బూడిదవుతాడు. కాలయవనుడు తరుముకొస్తుంటే కృష్ణుడు ఆ గుహలో దూరాడు. వెనకే వచ్చిన యవనుడు పడుకున్నవాణ్ణే కృష్ణుడనుకుని కాలితో తన్ని భస్మమయ్యాడు. ముచుకుందుడు మా ఊళ్లోనే పడుకున్నాడని రాజస్థాన్‌లో ధోల్‌పూర్ వాళ్లూ అంటారు. దాంతో పల్నాటివాళ్లకు పేచీ లేదు. వాళ్ల బిలానికి సొంత కథ ఇంకోటి ఉంది: కారంపూడి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఇందులోకే వెళ్లిపోయాడట.

రాయి చెప్పే కథ వేరు. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే ప్రాంతానికి పల్నాడు ఈశాన్యపు కొస. ఒకప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని, గట్టిపడి, రాయయింది. ఎన్ని కోట్ల ఏళ్ల కిందట అన్న వాదన ఇంకా తెగలేదు. భూమ్మీద చేప గానీ చెట్టు గానీ పుట్టకముందన్న దాంట్లో మాత్రం తగువు లేదు. ఇళ్లలో పరిచే నాపరాయి పలకలుగా చీలేది ఆ పొరల వెంబడే. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల శిల్పులు నాగార్జునకొండలో బుద్ధుడి కథలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాయి మీదే.

ఆ రాతిలో గుహను తొలిచింది వాన. చినుకు గాలిలోంచి కొంత, వేళ్లూ సూక్ష్మజీవులూ నిండిన మట్టిలోంచి అంతకన్నా ఎక్కువ కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచని ఆమ్లమవుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలో దిగుతూ సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుపోతుంది. వెంట్రుక మందం పగులు మనిషి దూరే సందు కావడానికి వేల ఏళ్లు, లక్షల ఏళ్లు పడుతుంది. ఇలాంటి నేలలో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది, గీకితే గానీ రాదు. కరిగిన కొండే అది.

ఇక్కడ రెండు పక్షాలు బయల్దేరతాయి. ఆమ్లం తొలిచిన కన్నానికి మొక్కడమేమిటని ఒకరు. మన పురాణాల్లో లేనిదేముంది, బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు 454 కోట్లు, చూశారా అని ఇంకొకరు. రెండో వాదనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అంకెలు దగ్గరపడటం కాకతాళీయం. ఒకటి సృష్టి చక్రంలో ఒక పూట, ఇంకోటి ఉల్కల్లో సీసం పాళ్లు కొలిచి తేల్చిన వయసు. రెంటినీ ముడివేస్తే, రేపు ఎవరైనా లెక్క సవరించిన రోజున పురాణం తప్పయి కూర్చుంటుంది. దానికి ఆ అగత్యం ఏమొచ్చింది?

సరదాకు ఒక లెక్క వేయొచ్చు. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరం వైపు జరుగుతోంది. ఆసియాను ఢీకొట్టి దాదాపు 5 కోట్ల ఏళ్లయినా ఆగలేదు, హిమాలయాలు లేచింది ఆ తాకిడికే. ముచుకుందుడు ఒక్క ద్వాపరయుగం, అంటే 8,64,000 ఏళ్లు పడుకున్నాడనుకున్నా, పడకతో సహా 43 కిలోమీటర్లు ప్రయాణించి ఉంటాడు. ఈ సంగతి వ్యాసుడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆయన పట్టుకున్నది వేరే. నిద్రలేచి గుహ బయటికొచ్చిన ముచుకుందుడికి మనుషులు, పశువులు, చెట్లు అన్నీ చిన్నవైపోయి కనిపిస్తాయి. కలి వచ్చేసిందని అప్పుడు గ్రహించి తపస్సుకు పోతాడు. అంతులేని కాలం ముందు మనిషి ఎంత బిత్తరపోతాడో చెప్పడానికి నాపరాయికి నోరు లేదు, కథకు ఉంది.

మొదటి పక్షానికి జవాబు నాగార్జునకొండ వైపు నుంచే వస్తుంది. ఏదీ తనంతట తాను లేదు, కారణాలు కూడితేనే ఉంటుందన్నది బౌద్ధుల ప్రతీత్యసముత్పాదం. కారణం తెలిసిపోతే విలువ పోతుందని వాళ్లు అనుకోలేదు.

అయితే కారణం తెలిశాక ఒక బాధ్యత మీద పడుతుంది. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నపురాయిని కాలిస్తే దాని బరువులో నూటికి 44 పాళ్ల దాకా కార్బన్ డయాక్సైడుగా గాల్లో కలుస్తుంది. గుహను తొలిచిన వాయువే అది. ఇంతకంటే దగ్గరి సంగతి నీళ్లది. ఇసుక నేల వడపోత గుడ్డలా పనిచేస్తుంది. సున్నపురాతి నేలకు ఆ గుణం లేదు. పైన పడ్డది పగుళ్ల గుండా తిన్నగా కిందికి పోతుంది, కొన్నిచోట్ల గంటల్లోనే. పత్తికీ మిరపకూ కొట్టిన మందు, క్వారీ గుంతలో నిలిచిన మురికి, వాగులో పారేసిన చెత్త, అన్నిటికీ అదే దారి.

గంగమ్మకు మైల అంటదు అంటాడు భక్తుడు. మైల వేరు, మురికి వేరు. మనుస్మృతి నాలుగో అధ్యాయం నీళ్లలో ఉమ్మవద్దనీ, మలమూత్రాలు వదలవద్దనీ శాసించింది. దాన్ని పాటించేవాడు గట్టు మీద నిలబడి, ఇది నీళ్లు, అది నేల అని గీత గీసుకుంటాడు. సున్నపురాతి నేలలో ఆ గీత నిలవదు. పై పొలంలో వేసిన అడుగు కూడా తీర్థంలో వేసినట్టే.

అప్పుడు తీర్థానికి హద్దు గుహ వాకిలి కాలేదు. నీరు గుంటలోకి దిగే చోట హాని చేయని రంగు కలిపి, అది ఏ బుగ్గలో, ఏ బావిలో ఎప్పుడు తేలుతుందో చూసి, భూగర్భ జల దారులను గుర్తించే పద్ధతి శాస్త్రజ్ఞులకు ఉంది. ఆ లెక్కన బిలానికి పటం గీస్తే అందులో పొలాలు పడొచ్చు, క్వారీలు పడొచ్చు, పక్క ఊళ్ల మురుగు కాలవలూ పడొచ్చు. తొలి ఏకాదశి ఏర్పాట్ల మీటింగులో బారికేడ్లు, బస్సులు, ప్రసాదాలతో పాటు పురుగుమందు డబ్బాలు ఎక్కడ కడుగుతున్నారన్నదీ ఎజెండాకు ఎక్కాలి.