లెక్క చూపిన భండారి

కల్యాణ నగరమున బసవేశ్వరుడు బిజ్జల మహారాజునకు భండారిగా నుండిన కాలమున, కొందరు కొండెగాండ్రు రాజును చేరి, భండారపు ధనమంతయు జంగముల పాలగుచున్నదని చాడీలు చెప్పిరి. రాజు బసవన్నను పిలిపించి లెక్క చూపుమనెను. బసవన్న కోపగింపలేదు. తనవంటివానిని శంకించుట తగదని వాదింపలేదు. భండారపు తలుపులు తెరపించి, రాజు కన్నులయెదుటనే మాడలను లెక్కింపజేసెను. ఒక్క మాడయైనను తరుగు రాలేదు. పాల్కురికి సోమనాథుడు తెనుగున రచించిన బసవపురాణమున ఈ కథ ప్రసిద్ధము.

భక్తులు ఈ కథను శివమహిమగా విని సంతోషించుట వాడుక. మాడలు తరుగకుండుట శివుని మహిమయే; కాని తలుపు తెరచుట బసవన్న శీలము. మహిమ అందరికిని లభింపదు. శీలమును అందరును అలవరచుకొనవచ్చును. పరుల ధనము చేతనున్నవాడు అడిగినపుడు లెక్క చూపవలెను. ఆ ధనము గలవాడు లెక్క అడుగవలెను. ఈ రెండును ధర్మములే. ఒకటి లోపించిన రెండవది నిలువదు.

నేడు కల్యాణపు సింహాసనము లేదు, బిజ్జలుడు లేడు. 1950 జనవరి 26 నుండి ఈ దేశమునకు ప్రజలే ప్రభువులు. ముఖ్యమంత్రియైనను, ప్రధానమంత్రియైనను ప్రజల భండారులే. ప్రజలు వారి చేతికిచ్చినది తాళపుచెవి మాత్రమే గాని ఇల్లు కాదు. ఆ తాళపుచెవితో ఏ గది తెరువవచ్చునో, ఏ గది తెరువరాదో రాజ్యాంగమున వ్రాసియున్నది. ప్రాథమిక హక్కులను హరించు శాసనము ఆ మేరకు చెల్లదని 13వ అధికరణము చెప్పుచున్నది. సభలో ఎంతటి ఆధిక్యమున్నను, ఎన్నికలో ఎన్ని లక్షల ఓట్లు వచ్చినను ఆ గీత చెరిగిపోదు.

గెలిపించితిమి గనుక ఇక అయిదేండ్లు వారి యిష్టమనువారు కలరు. ఆవును అమ్మినవాడు అట్లనవచ్చును. మేపుటకు అప్పగించినవాడు అనరాదు. శివభక్తునకు ఈ విషయములతో పనియేమి యనువారును కలరు. వారు శ్రీకాళహస్తికి పోయినపుడు ధూర్జటిని ఒకసారి స్మరింపవలెను. రాయల కాలపు ఆ మహాకవి కాళహస్తీశ్వర శతకమున రాజుల మదమును, రాజసేవలోని హీనతను ఎంత తీవ్రముగా గర్హించెనో తెలుగువారెరుగుదురు. ఈశ్వరునకు తల వంచినవాడు అధికారమునకు వెన్ను వంచడు. భక్తి భయమును పోగొట్టవలెను గాని పెంచరాదు.

అయితే నిర్భయత్వ మొక్కటియే చాలదు. కల్యాణపు కడపటి దినములు ఈ సంగతిని తెలుపుచున్నవి. అంటరానివాడని లోకము త్రోసివేసిన హరళయ్య కుమారునకును, బ్రాహ్మణ వంశమున పుట్టి శరణుడైన మధువయ్య కుమార్తెకును వివాహము జరిగెను. బిజ్జలుడు ఆ ఇరువురు తండ్రులకును క్రూరశిక్ష విధించెనని శరణ సంప్రదాయము చెప్పును. బసవన్న కల్యాణమును విడచి కూడలసంగమమునకు పోయెను. పిదప బిజ్జలుడు హతుడయ్యెను. శరణులు దిక్కునకొకరుగా చెదరిరి.

ఇచ్చట ఆలోచింపవలసినది కలదు. రాజు హద్దు మీరెను. ఇది నీ హద్దు అని రాజునకు చెప్పగల న్యాయస్థానము కల్యాణములో లేదు. బసవన్నయంతటి మంత్రికి రాజ్యమును విడచిపోవుట తప్ప, ఆగ్రహించినవారికి కత్తి పట్టుట తప్ప, వేరు దారి లేకపోయెను. అనుభవ మంటపము మాటకు స్వేచ్ఛ నిచ్చినది గాని, రాజదండమునకు కళ్లెము వేయలేకపోయినది.

ఆనాడు లేని ఆ మూడవ దారిని రాజ్యాంగము చూపినది. తిరుచానూరున 1891లో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు దానిని నిర్మించిన సభలో సభ్యులు. తరువాత 1956 నుండి 1962 వరకు లోక్‌సభ స్పీకరు. కనుక చిత్తూరు సీమవారికి రాజ్యాంగము ఢిల్లీ నుండి వచ్చిన పరాయి గ్రంథము కాదు. హక్కునకు భంగము కలిగినవాడు 32వ అధికరణము క్రింద సుప్రీంకోర్టును, 226వ అధికరణము క్రింద హైకోర్టును నేరుగా ఆశ్రయింపవచ్చును. భక్తునకును అతని అరచేతిలోని ఇష్టలింగమునకును నడుమ మధ్యవర్తి అక్కరలేదు. అట్లే పౌరునకును రాజ్యాంగమునకును నడుమ దళారి అక్కరలేదు.

ఈ దారి కాగితముపైని దారి మాత్రమే కాదు. రాయలసీమవారు నడచి చూపినది. కర్నూలు జిల్లాలో కొన్ని బస్సు మార్గములను ప్రభుత్వము స్వాధీనము చేసికొను పథకమును అచ్చటి ప్రైవేటు బస్సుల యజమానులు న్యాయస్థానమున ప్రశ్నించిరి. మార్గముల ఎంపిక వెనుక ముఖ్యమంత్రి రాజకీయ ద్వేషము కలదని వారి ఆరోపణ. 1964లో సుప్రీంకోర్టు, ఆ ఆరోపణను ముఖ్యమంత్రి స్వయముగా ప్రమాణపత్రముతో ఖండింపలేదని గుర్తించి, పథకమును కొట్టివేసెను. ఆ తీర్పు తరువాత ఫిబ్రవరి నెలలో నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసిరి. సభలో వారి పక్షపు బలము తరుగలేదు. ఎన్నికలో వారిని ఎవరును ఓడింపలేదు. అయినను దిగిరి. అడిగినవారిది ధైర్యము, దిగినవారిది మర్యాద. బసవన్న తలుపు తెరచిన శీలములో ఒక పాలు ఆ రాజీనామాలో కలదు.

మరి పదకొండేండ్లకు దేశమంతటను గీత చెరిగెను. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. వేలమంది విచారణ లేకయే నిర్బంధింపబడిరి. పత్రికల నోరు కట్టబడెను. 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సైతము, నిర్బంధితులు స్వేచ్ఛకై హైకోర్టుల నాశ్రయింపజాలరని తీర్పు చెప్పెను. న్యాయస్థానమున్నది గదా యని పౌరుడు నిద్రపోరాదని ఆనాడు తెలిసెను. 1977 మార్చిలో దేశపు ఓటర్లు ఆ ప్రభుత్వమును దింపిరి. ఆంధ్రప్రదేశ్ మాత్రము 42 స్థానములలో 41 ఆ పక్షమునకే ఇచ్చినది; మిగిలిన ఒక్క నంద్యాలలో సంజీవరెడ్డిగారు గెలిచి, ఆ ఏడే రాష్ట్రపతి అయిరి. వారి పదవీకాలముననే 44వ సవరణ రాజ్యాంగమున చేరెను. అత్యవసర పరిస్థితిలోనైనను ప్రాణ స్వేచ్ఛలను కాపాడు 21వ అధికరణపు రక్షణను నిలిపివేయుటకు ఇక వీలులేదు. చెరిగిన గీతను ప్రజలు మునుపటికంటె లోతుగా గీయించుకొనిరి.

ఇటీవలి సంగతి తిరుపతిలోనే కలదు. 2021 నవంబరు 1న అమరావతి రైతులు హైకోర్టున్న సీమ నుండి పాదయాత్రగా బయలుదేరి, డిసెంబరులో అలిపిరి చేరిరి. న్యాయస్థానం నుండి దేవస్థానం అని ఆ యాత్రకు పేరు. తిరుపతిలో వారి సభకు పోలీసులు అనుమతి నిరాకరింపగా, హైకోర్టు షరతులతో అనుమతించెను. డిసెంబరు 17న సభ జరిగెను. మరునాడు వికేంద్రీకరణము కోరు రాయలసీమవారి సభయు ఆ పట్టణముననే జరిగెను. భూమి నిచ్చిన రైతునకు ప్రభుత్వ మిచ్చిన మాట జ్ఞాపకము. రాయలసీమకు 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక జ్ఞాపకము. ఎవరి వాదము బలమైనదన్నది వేరు విచారణ. రెండు సభలును జరిగెను, ఏడుకొండలు కదలలేదు. ఆయుధములు లేక శాంతముగా కూడు హక్కు 19వ అధికరణము ఇచ్చినది. ఏలువారికి ఇష్టమైన సభకు ఆ హక్కుతో పనిలేదు. ఇష్టము లేని సభ వచ్చినపుడే అది పరీక్షకు నిలుచును.

ఇక పౌరుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను. ఓటునకు నోటు పుచ్చుకొన్నవాడు లెక్క అడుగు నోటిని అమ్ముకొన్నవాడే. కులము చూచి ఓటు వేసి, కులము చూచియే తప్పును మన్నించువాడు బసవన్న పేరు పలుకుటకు తగడు. ఎదుటి పక్షము ఏలునపుడు రాజ్యాంగము పేరెత్తి, తన పక్షము ఏలునపుడు మౌనము వహించుట బేరమే గాని ధర్మము కాదు. రాజ్యాంగమును పాటించుట పౌరుని ప్రాథమిక విధులలో మొదటిది. ఏలువారు దానిని పాటించుచున్నారా యని చూచుటయు ఆ విధిలోనిదే.

ఇది పెద్దల పని, చదువుకొన్నవారి పని యని తప్పించుకొనుటకు వీలులేదు. కాయకము చేసినవాని చెమటయే భండారమును నింపుచున్నది. అగ్గిపెట్టె కొన్నవాడును అందులో పాలివాడే. 2005 నాటి సమాచార హక్కు చట్టము వలన ఒక తెల్లకాగితముపై వ్రాసి కార్యాలయమును లెక్క అడుగవచ్చును. 2006 నుండి ఆంధ్రప్రదేశ్ పల్లెలలో ఉపాధి హామీ పనుల లెక్కలను కూలీల యెదుట చదివి వినిపించు సామాజిక తనిఖీలు జరిగినవి. అక్షరము రాని స్త్రీయైనను తన పేర వ్రాసిన పనిదినములెన్నో విని, తాను చేసినవెన్నో చెప్పగలిగెను. భండారపు తలుపు తెరచి మాడలు లెక్కించుట యనగా ఇదియే. గ్రామసభకు పోక, రచ్చబండపై కూర్చుండి ప్రభుత్వమును తిట్టుట వలన ఒక్క మాడయు లెక్కకు రాదు.

కడపట ఒక హెచ్చరిక. బసవన్నపై కొండెములు చెప్పినవారును లెక్క అడిగించినవారే. కాని వారికి కావలసినది లెక్క కాదు, బసవన్న పతనము. పౌరుని ప్రశ్న వారి ప్రశ్న వంటిది కారాదు. ఆధారముతో అడుగవలెను, ద్వేషము లేక అడుగవలెను, చట్టపు దారిని విడువక అడుగవలెను. లెక్క తప్పినపుడు వెనుదీయరాదు. లెక్క సరిపోయినపుడు సరిపోయినదని నలుగురిలో ఒప్పుకొనవలెను. అట్లు అడుగువారు ఊరూర నున్న నాడు, తలుపు తెరచు భండారులును పుట్టుదురు. కత్తి పట్టవలసిన దినము రాదు. కల్యాణము మరల చెదరదు.

శరణు శరణార్థి.