బండి కీచుమంటే కారణం వెతుకుదాం





ఈసారి ధమ్మ ప్రసంగం కారు బ్రేకుల గురించి. నవ్వకండి. బ్రేకు అనగానే మన ఉపన్యాసకుల్లో చాలామంది అంగుళిమాలుడి కథ ఎత్తుకుంటారు. కోపానికి బ్రేకు, కోరికలకు బ్రేకు అంటూ గంటసేపు లాగుతారు. మంచిదే. నేను మాట్లాడేది మాత్రం చక్రం లోపల ఉండే ఇనుప బ్రేకు గురించి.

ఎందుకంటే మన పేటల్లోకి ఇప్పుడు కార్లు వస్తున్నాయి. లోను మీద కొందరు, ఎవరో వాడి అమ్మేసినవి కొందరు కొంటున్నారు. తాత చెప్పులు చేతబట్టుకుని నడిచిన వీధిలోనే మనవడు స్టీరింగు పట్టుకుని పోతున్నాడు. బాబాసాహెబ్ కష్టానికి ఇదీ ఒక ఫలమే, సంతోషిద్దాం. కానీ కారుతో పాటు నిమ్మకాయలు కూడా వస్తున్నాయి! ముందు బంపరుకి నిమ్మకాయా మిరపకాయల దండ, టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, అద్దం మీద పసుపు బొట్టు, బండి ముందు గుమ్మడికాయ, పూజారి చేతిలో దక్షిణ. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఎనిమిదోది మనకు కంఠతా వచ్చు. బ్రాహ్మణుల చేత ఏ కర్మకాండా చేయించనని నోటితో పలికాం. మరి బండికి చేయిస్తే లెక్కలోకి రాదా?

మా పేటలో ఒక తమ్ముడున్నాడు. కిందటేడు దీక్ష తీసుకున్నాడు. పట్టుదల గలవాడు. తొమ్మిది నెలల వయసున్న కారు కొన్నాడు. మీటరు మీద 7 వేల కిలోమీటర్లు, కొత్తదే అనుకోండి. పూజ చేయించలేదు. ఇంట్లో త్రిశరణం, పంచశీల చెప్పుకుని, పిల్లలకు మిఠాయి పంచి బండి ఎక్కాడు. మేమంతా భుజం తట్టాం. వారం తిరక్కుండా బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమని ఒకటే చప్పుడు. సందు చివర మలుపు దగ్గర ఆ చప్పుడు వినపడితే, అదిగో ఫలానా వాళ్ల బండి వచ్చిందని పేటంతా చెప్పేస్తుంది.

వాళ్లమ్మ మొదలుపెట్టింది. "పూజ చెయ్యకుండా ఎక్కావు గదరా, అందుకే బండి ఏడుస్తోంది" అని. పక్కింటాయన ఇంకో మాట కలిపాడు. "దేవుణ్ణి కాదనుకున్నారు, ఇప్పుడు ఇనుము కూడా మాట వినట్లేదు" అన్నాడు. చూశారా, ఎంత తేలిగ్గా గుచ్చారో! మతం మార్చుకున్నవాడి ఇంట్లో బిందె ఒలికినా దానికి దీక్షే కారణమైపోతుంది. గుళ్ళో పూజ చేయించుకున్నవాళ్ల బ్రేకులు కూడా కీచుమంటాయి. అప్పుడు మాత్రం మెకానిక్కు దగ్గరికి పోతారు.

తమ్ముడు కారు అమ్మిన షోరూముకే తీసుకెళ్లాడు. అక్కడి కుర్రాడు తల కూడా ఎత్తకుండా "అది కామనే సార్, వాడగా వాడగా పోద్ది" అన్నాడు. చక్రం విప్పలేదు, బండి నడిపి చూడలేదు. స్నేహితుడొకడు కొబ్బరినూనె పొయ్యమన్నాడు. చివరికి మనవాడు చేసిందేంటంటే, పాటల శబ్దం పెంచుకున్నాడు.

పూజా, కొబ్బరినూనే, పాటల మోతా మూడూ ఒక్క జాతివే. చప్పుడు వినపడకుండా చేస్తాయి గానీ ఎందుకొస్తోందని అడగవు. వాటిల్లో అన్నిటికంటే ప్రమాదం కొబ్బరినూనె. బ్రేకు పనిచేసేదే రాపిడితో. ప్యాడ్ మీద నూనె పడితే చప్పుడు ఆగుతుంది, దాంతోపాటు బ్రేకు పట్టు కూడా పోతుంది. అట్లాంటి బండి ఎక్కినవాడు నిశ్శబ్దంగా పోయి ఎవర్నో గుద్దుతాడు. ఏ నూనే, ఏ స్ప్రేయూ ప్యాడ్ల మీదా డిస్కుల మీదా కొట్టకండి. బ్రేకులు కడగడానికని విడిగా అమ్మే క్లీనర్ ఒక్కటే దానికి మినహాయింపు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు–అతని ధమ్మం' ఆయన పరినిబ్బానం తర్వాత 1957లో అచ్చయింది. అందులో ఏది అధమ్మమో చెప్పే భాగం ఉంది. దాంట్లో మొట్టమొదట చెప్పింది అతీత శక్తుల మీద నమ్మకం గురించే. ప్రతి సంఘటనకూ కారణం ఉంటుంది, ఆ కారణం మనిషి చేసిన పనిలోనో ప్రకృతి నియమంలోనో దొరుకుతుంది అన్నది ఆయన అక్కడ చూపించే బుద్ధుడి దృష్టి. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది పోతే అది పోతుంది అని ప్రతీత్య సముత్పాదాన్ని మనం ఆదివారం ఆదివారం చెప్పుకుంటున్నాం గదా. అది విహారంలో చాప మీద కూర్చున్నప్పుడే నిజమై, పార్కింగులో అబద్ధం అవుతుందా?

అందుకని ఆ కీచులో కారణం ఎక్కడుందో చూద్దాం. నేను బి.ఏ. చదివినవాణ్ణి, మెకానిక్కును కాను. అయినా ఆ తమ్ముడితో కలిసి ఆటోనగర్లో ఒక పూటంతా కూర్చుని చూశాను, అడిగాను, తర్వాత చదివాను.

చక్రంతో పాటు ఒక ఇనుప పళ్లెం తిరుగుతుంది, అదే డిస్కు. మనం పెడల్ తొక్కితే రెండు వైపుల నుంచీ రెండు ప్యాడ్లు దాన్ని అదిమి పట్టుకుంటాయి. బండి వేగం ఆ రాపిడిలో వేడిగా మారిపోతుంది. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలకే డిస్కులుంటాయి, వెనక డ్రమ్ములూ లైనర్లూ ఉంటాయి. ప్యాడ్ డిస్కును సాఫీగా పట్టుకోకుండా పట్టుకుంటూ జారుతూ, పట్టుకుంటూ జారుతూ ఉంటే సన్నగా, చాలా వేగంగా కంపిస్తుంది. ఆ కంపనమే మన చెవికి కీచు. వాయులీనం తీగ మీద కమాను లాగినప్పుడు జరిగేదీ ఇదే. అక్కడ సంగీతం అంటాం, ఇక్కడ ఏడుపంటాం.

ప్యాడ్ ఎందుకు సాఫీగా పట్టుకోదు? రాత్రి వాన పడినా, బండి కడిగి నిలబెట్టినా డిస్కు మీద పల్చగా తుప్పు పడుతుంది. పొద్దున్నే మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమని, తర్వాత పోతుంది. దానికి ఎవరూ భయపడక్కర్లేదు. డిస్కుకీ దాని వెనకున్న రేకుకీ మధ్య చిన్న గులకరాయి ఇరుక్కుంటే బ్రేకు తొక్కకపోయినా గీరుతూనే ఉంటుంది. డ్రమ్ముల్లో దుమ్ము చేరినా చప్పుడొస్తుంది. ప్యాడ్ వెనక ఉండాల్సిన పల్చటి రేకు లేకపోయినా, కాలిపర్ జరగాల్సిన పిన్నుల్లో గ్రీజు ఎండిపోయినా వస్తుంది. చాలా బండ్లలో ప్యాడ్‌కి ఒక చిన్న ఇనుప నాలుక పెడతారు. ప్యాడ్ అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకు దిగితే ఆ నాలుక డిస్కుకు తగిలి కీచుమంటుంది. నన్ను మార్చమని చెప్పడానికే దాన్ని పెట్టారు. ఇట్లాంటి బండిలో పాటల శబ్దం పెంచుకున్నవాడి గురించి ఏమనాలి చెప్పండి. ఇక కీచు కాకుండా ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నట్టు గరుకు మోత వస్తున్నా, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతున్నా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతున్నా ఆ బండి నడపొద్దు. అక్కడే ఆపి మెకానిక్కును పిలవండి.

తమ్ముడి బండి విప్పితే ఏం దొరికిందో చెప్తాను. ఆ కారు అమ్ముడయ్యే ముందు కొన్ని నెలలు వానకు తడుస్తూ ఆరుబయట నిలబడి ఉంది. డిస్కు అంచున తుప్పు గట్టిగా పేరుకుంది. పిన్నులు ఎండిపోయాయి. ప్యాడ్లు మందంగానే ఉన్నాయి గానీ వాటి ముఖం అద్దంలా మెరుస్తోంది. పాతాయన ఎక్కువ సిటీలో, బ్రేకు ముట్టీ ముట్టనట్టు అలవాటుగా తొక్కుతూ నడిపి ఉంటాడని మెకానిక్కు అన్నాడు. ఇది ఆయన ఊహ. కానీ మెత్తగా మాత్రమే తొక్కితే ప్యాడ్ సరిగ్గా డిస్కుకు అలవాటు పడదనీ, ముఖం నున్నబడి గట్టిపడుతుందనీ నిజమే. అట్లాగని ప్రతి మలుపులో దబ్బున తొక్కితే విపరీతంగా వేడెక్కి మళ్లీ పాడవుతుంది. సోణ భిక్ఖువుకు బుద్ధుడు వీణ తీగలతో చెప్పింది గుర్తొచ్చింది నాకు. బాగా బిగిస్తే పలకదు, బాగా వదులైనా పలకదు.

మెకానిక్కు చేసింది పెద్ద మంత్రమేం కాదు. ప్యాడ్ల ముఖం ఎమరీ పేపరుతో రుద్దాడు, అంచు తుప్పు తీశాడు, బ్రేక్ క్లీనరుతో కడిగాడు, పిన్నులకు వేడికి తట్టుకునే గ్రీజు పెట్టాడు. ప్యాడ్ ముఖం మీద మాత్రం చుక్క పడనివ్వలేదు. ఆ నల్లపొడిని నోటితో ఊదబోయిన కుర్రాణ్ణి కసిరాడు కూడా. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు, తడి గుడ్డతో తుడవాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10కి నిదానంగా, గట్టిగా తగ్గిస్తూ ఎనిమిది పదిసార్లు నడిపించాడు, మధ్యలో చల్లారనిస్తూ. చప్పుడు పోయింది.

దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, అది పోతుంది, పోగొట్టే దారి ఉంది అని ఆయన రెంచీతో చూపించాడు. ఆయన బౌద్ధుడు కాదు. చేతులకు నల్లమసి, వయసు అరవై దాటింది. చేతిపనిని తక్కువ చేసి, దర్భ పట్టుకున్న చేతిని గొప్ప చేసిన దేశంలో మనం అట్లాంటి చేతులకు నమస్కరించాలి.

అమ్మ సంగతి చెప్పాలి. మన కార్యకర్తలు కొందరు ఇట్లాంటిచోట తొందరపడతారు. "నీది మూఢనమ్మకం" అని తల్లినే కోర్టులో నిలబెట్టినట్టు నిలబెడతారు. అది కరుణ కాదు. ఆవిడ భయం నిమ్మకాయ గురించి కాదు, కొడుకు గురించి. నలభై ఏళ్లు కూలికి పోయి చదివించిన కొడుకు హైవే మీద పోతున్నాడు, బండి అరుస్తోంది. ఆ భయానికి తెలిసిన భాష అదొక్కటే. ఆమెను ఆటోనగర్ తీసుకెళ్దామని నేనే అన్నాను. స్టూలు మీద కూర్చోబెట్టాం. విప్పిన ప్యాడ్ చేతిలో పెడితే తిప్పి తిప్పి చూసి, "ఇంతేనా? కత్తిపీట నూరుకున్నట్టే గదా" అంది. కాలాముల ఊళ్ళో బుద్ధుడు కోరింది అదే గదా. పెద్దలు చెప్పారనీ, గ్రంథంలో ఉందనీ నమ్మొద్దు, మీరే పరీక్షించి తెలుసుకోండి అన్నాడు. ఆ మాట మెకానిక్కులకీ, ఫోన్లో వచ్చే వీడియోలకీ, ఈ కరపత్రం రాసిన నాకూ వర్తిస్తుంది.

షోరూము కుర్రాడు అన్న "కామనే" అనే మాటకీ వర్తిస్తుంది. మనల్ని తరతరాలుగా నోరుమూయించిన మాటల్లో అదొకటి. మీ వీధికి నీళ్లు రాకపోవడం కామనే, మీ పిల్లాడికి మార్కులు తక్కువ రావడం కామనే! ఈసారి పోయినప్పుడు కోప్పడకండి. ఏ వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకనా, ముందా వెనకా, ఎప్పుడు కీచుమంటోందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. జాబ్ కార్డులో ఫిర్యాదు రాయించి నకలు తీసుకోండి. మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించండి. ప్యాడ్లు అరిగే భాగాలని చెప్పి వారంటీ కాదనడం మామూలే. కానీ అరగకముందే మోగుతుంటే కారణం చూపించమని అడిగే హక్కు మీకుంది. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. పూజకు పెట్టే డబ్బుకంటే అర్జీకి పెట్టే కాగితం చవక.

చివరిగా మొదటి శీలం. ప్రాణహాని చెయ్యనని పలుకుతున్నాం. కోడిని కొయ్యకపోతే ఆ శీలం నిలిచిందనుకుంటున్నాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క చెప్పింది. వాళ్లలో చాలామంది కార్లలో కూర్చున్నవాళ్లు కాదు. బైకుల మీద పోయేవాళ్లు, నడిచి పోయేవాళ్లు. తెల్లవారుజామున మిరపకాయలు కొయ్యడానికి రోడ్డు వారన నడిచే ఆడవాళ్లెవరు? రాత్రి పని ముగించి సైకిలు మీద వచ్చేది ఎవరు? మన పెద్దమ్మలూ, మన బాబాయిలూ. మన బ్రేకు వాళ్ల ప్రాణం. సీటు బెల్టు మనల్ని కాపాడుతుంది, బ్రేకు ఎదుటివాళ్లను కాపాడుతుంది. మెత్త భావన చేసేటప్పుడు ఈ రోడ్డు వారన నడిచేవాళ్లను కూడా తలచుకోండి. తలచుకున్నాక దిగి చక్రం చూడండి.

చూడటం కష్టమేం కాదు. చాలా కార్లలో చక్రం ఊచల సందులోంచి టార్చి వేస్తే బయటివైపు ప్యాడ్ మందం కనపడుతుంది. కొత్తగా ఉన్నప్పుడు సుమారు 10 మిల్లీమీటర్లుంటుంది. మూడుకు వచ్చిందంటే మార్చే సమయం. లోపలివైపు ప్యాడ్ తొందరగా అరిగిన సందర్భాలూ ఉంటాయి కాబట్టి ఆర్నెల్లకోసారి చక్రం విప్పించాలి. బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బా మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెంటి మధ్యలో ఉండాలి. తగ్గిపోతూ ఉంటే ప్యాడ్లయినా అరిగినట్టు, ఎక్కడైనా కారుతున్నట్టు.

వచ్చే పున్నమి వందన అయ్యాక మన విహారం ముందు ఆ మెకానిక్కు పెద్దాయన ఒక గంట ఉంటానన్నారు. కార్లున్నవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు బండ్లతో రండి. టార్చి తెచ్చుకోండి. తమ్ముడు జాకీ తెస్తున్నాడు, వాళ్లమ్మ టీ పెడతానంది.

జై భీమ్.