మంటి కూజాకు వెల

యిర్మీయా గ్రంథము పదునెనిమిదవ అధ్యాయమును వినని విశ్వాసి మన సంఘములలో ఉండడు. ప్రవక్త కుమ్మరి యింటికి దిగిపోవుట, సారెమీది పాత్ర చేతిలో చెడిపోవుట, ఆ మంటితోనే మరియొక పాత్ర రూపొందుట అను ఈ సంగతులమీద ఎన్ని ప్రసంగములు పుట్టినవో లెక్కకు రావు. వాటన్నిటిలోను మనము మన్ను, దేవుడు కుమ్మరి. అది సత్యమే. అయితే ఆ యింట నిజముగా ఒక కుమ్మరి యుండెను. ఆతనికిని ఆకలి యుండెను, ఆవమునకు కట్టెలు కావలసియుండెను, కుండలు అమ్ముడుపోయిననే గాని ఆతని పొయ్యి రాజుకొనదు. ఆ మనుష్యుని గూర్చి మనము తలంచుట అరుదు.

తరువాతి అధ్యాయములో యెహోవా ప్రవక్తను మరల మంటిపాత్ర కొరకే పంపెను. కుమ్మరి చేసిన కూజాను ఊరక తెమ్మనలేదు, కొనుమనెను. హెబ్రీ మూలములోను కొనుట యను అర్థమిచ్చు క్రియయే యున్నది. ఆ కూజా బెన్‌హిన్నోము లోయలో పగులగొట్టబడవలసినది. కొద్దిసేపటిలో పెంకులు కాబోవుదానికి, అదియును దేవుని పనికే వినియోగపడుదానికి సహితము, చేసినవానికి వెల ముట్టవలెను. దేవుని పేరు చెప్పి ఉచితముగా అడుగుమని ఆజ్ఞ రాలేదు.

చేతిపనికి వెల కట్టుట యెట్లు? ఆ వెల లేకున్నను జీవింపగలవాడు దానిని పుచ్చుకొనవచ్చునా? ఈ ప్రశ్నను నా యెదుట నిలిపినవాడు నేనెరిగిన యొక విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆయన కుమ్మరి యింట పుట్టి, పండ్రెండేండ్లవరకు తండ్రి సారె ప్రక్కన మట్టి పిసికి, పిమ్మట మిషను వసతిగృహములో చేరి చదువుకొనెను. నలుబది యేండ్లు సుద్దముక్క పట్టిన చేయి ఉద్యోగ విరమణ తరువాత మరల మట్టిని పట్టుకొనెను.

తిరిగి వచ్చుట సులభమని తలంపరాదు. చెరువు మన్ను తెచ్చి, యెండబెట్టి, దంచి, నానబెట్టి, గుడ్డతో వడగట్టి, ఇసుక పాలు చూచి కలిపి, గాలిబుడగ యొక్కటియు నిలువకుండ పిసుకవలెను. బాల్యములో నేర్చిన చేతికి జ్ఞాపకమున్నది గాని నడుమునకు లేదు. ముద్దను సారె నడుమ కదలక నిలుపుటకే ఆయనకు మూడు నెలలు పట్టెను. నడుమ నిలువని ముద్ద ఎంత నేర్పరి చేతిలోనైనను వంకర పాత్రయే యగును. తడి పూర్తిగా ఆరని కుండలను ఆవములో పెట్టుటవలన మొదటి కాల్పులో సగము పగిలిపోయెను. మొదటి సంవత్సరము ఆయన పెరటిలో కుండలకంటె పెంకులే యెక్కువ.

ఆ పెంకులను గూర్చి ఒక మాట. ఆరని పాత్ర చెడినయెడల నీళ్లు చల్లి మరల ముద్దచేయవచ్చును. దాదాపు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి దాటిన మన్ను మరల మెత్తని మన్ను కానేరదు. యిర్మీయా పదునెనిమిదవ అధ్యాయమునకును పందొమ్మిదవ అధ్యాయమునకును నడుమనున్న భేదము ఆవపు అగ్నియే. మొదటిదానిలో చెడిన పాత్ర మరల చేయబడును. రెండవదానిలో పగిలినది బాగుచేయ నశక్యము. అరువది దాటినవారితో “మీరింకను పచ్చిమన్నే” యని చెప్పు బోధకుల మాట నాకు పూర్తిగా రుచింపదు. మనలో కాలిపోయి గట్టిపడిన భాగములున్నవి. అయితే కాలిన పెంకులను మెత్తగా దంచి క్రొత్త మంటిలో కలుపు పద్ధతి కుమ్మరులకు తెలియును. అట్లు కలిపిన మన్ను ఆరునప్పుడు తక్కువ కుంచించుకొనును, కాలునప్పుడు అంత సులభముగా బీటలువారదు. ఉపాధ్యాయుడు తన పెంకులను అట్లే వాడుకొనెను.

వార్ధక్యములో ఇట్టి పనికి తిరుగుట కాలక్షేపమని కొందరు తీసివేయుదురు. దేవీప్రసాద్ (1921–2011) జీవితమును వారు చూడవలెను. శాంతినికేతనములో చదివి, 1944 మొదలుకొని సేవాగ్రామములో పిల్లలకు చిత్రకళ నేర్పి, కుండల పని చేసిన యీయన 1962లో లండను వెళ్లి యుద్ధమును నిరాకరించువారి అంతర్జాతీయ సంఘమునకు ప్రధాన కార్యదర్శియై పనిచేసెను. 1983లో స్వదేశమునకు తిరిగి వచ్చి, అరువది దాటిన వయస్సున ఢిల్లీలో సారె త్రిప్పుచు పాత్రలు చేసెను. ఆయన మన విశ్వాసి కాడు. అయినను శాంతి కొరకు పాటుపడుటయు గిన్నె చేయుటయు ఒకే జీవితమునకు చెందిన పనులని ఆయన నడవడి చూపినది. క్రైస్తవుడు దానిని చూచి నేర్చుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఇక వెల సంగతి. మన ఉపాధ్యాయుడు మొదట కూజాలను అడిగినవారికెల్ల ఉచితముగా నిచ్చెను. పిదప మట్టికిని కట్టెలకును అయిన ఖర్చు మాత్రము రాబట్టుటకై నూరు రూపాయలు పెట్టెను. అదియును ఎక్కువేయని ఒక సంఘపెద్ద తలంచెను. “పింఛను వచ్చువాడు కుండలమ్ముకొననేల? దేవుని పేరట ఊరకే యియ్యరాదా?” అని ఆయన అడిగెను. వినుటకు ఇది భక్తిగల మాటయే. అయితే ఆ యూరి రహదారి మూలన, వరుసకు ఉపాధ్యాయునికి తమ్ముడగు ఒక కుమ్మరి కుండలు పేర్చుకొని కూర్చుండును. ఆతనికి పింఛను లేదు. స్టీలు బిందెలు, ప్లాస్టిక్ సీసాలు, శీతలయంత్రములు వచ్చిన పిమ్మట మిగిలినది వేసవి బేరమే. ఆతడు ఒకనాడు వచ్చి ఇట్లనెను: “అన్నయ్యా, మీకు నెల తిరిగేసరికి పింఛను వస్తుంది. మీ కూజా నూరుకే ఇస్తే నూట ఎనభైకి నా కూజా ఎవరు అడుగుతారు? మీరు ధర్మమని ఇస్తున్నారు. అది నా కడుపు మీద పడుతోంది.”

ఈ మాట న్యాయమైనదని నా నిశ్చయము. తనకు అక్కరలేదని వెల తగ్గించుకొనువాడు తన సొమ్మును మాత్రమే విడుచుకొనుచున్నాడని తలంచును. కాని సంతలో ఒకని వెల మరియొకని వెలను తాకకుండ ఉండదు. నా ఔదార్యమునకు అయిన ఖర్చును నా ప్రక్కవాడు చెల్లించుచున్నయెడల దానిని ఔదార్యమనుట ఎట్లు?

అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో డేరాలు కుట్టి జీవించెను. సువార్తవలన జీవించు హక్కును తనమట్టుకు విడుచుకొనెను. అయితే మొదటి కొరింథీ పత్రిక తొమ్మిదవ అధ్యాయమును నెమ్మదిగా చదువుడి. తన హక్కును విడిచితినని చెప్పుటకు ముందు, ఆ హక్కు ఇతరులకు కలదని ఆయన ఎంత శ్రద్ధగా స్థాపించెనో చూడుడి! సైనికుడు, ద్రాక్షతోట నాటినవాడు, మందను కాయువాడు, కళ్లము త్రొక్కు ఎద్దు, బలిపీఠమునొద్ద పరిచర్య చేయువారు, వీరందరిని ఆయన సాక్షులుగా పిలిచెను. తన త్యాగము మరియొక సేవకుని ఆకలికి కారణము కారాదని ఆయనకు తెలియును. పింఛనుగల కుమ్మరికి ఇంతకంటె తిన్నని మాదిరి నాకు కనబడదు. ఆతడు వచ్చిన సొమ్మును ఇచ్చివేయవచ్చును. వెలను మాత్రము పడగొట్టరాదు. మా కోతపండుగ వేలములో ఉపాధ్యాయుని కూజా ఒకప్పుడు వేయి రూపాయలు పలికెను. దానిలో తప్పు లేదు. అక్కడ పలికినది కానుక గాని వెల కాదు.

మట్టివలన వచ్చు రూపాయి నీచమైనదను తలంపు మనలో ఎక్కడినుండి చొరబడెనో గాని, మన పూర్వులయొద్ద అది లేదు. క్రీస్తును అంగీకరించి కులమువలనను జీవనోపాధివలనను వెలివేయబడినవారికి పని కల్పించుటకై బాసెల్ మిషనువారు 1865లో మంగుళూరున పెంకుల కార్ఖానా స్థాపించిరి. జార్జి ప్లెబ్స్ట్ అను మిషనెరీ దానికి ఆద్యుడు. మన పల్లెలలో పలువురు బెంగుళూరు పెంకులని పిలుచునవి ఆ వంశపువే. ఆ పెంకులకు వెల యుండుటవలననే ఎన్నో విశ్వాసుల యిండ్లలో అన్నము వండబడినది.

వెలను మితిమీరి హెచ్చించుటయందును శోధన కలదు. పట్టణమునుండి వచ్చిన ఒకరు, పాత్ర అడుగున పేరు చెక్కి యిచ్చినయెడల ఆరువందలకు కొందుమని ఉపాధ్యాయునితో చెప్పిరి. పేరుకు వెల, పాత్రకు కాదు! జపానులోని క్యోటో నగరమున దైతొకుజి మఠములో కిజాయెమోన్ అను తేనీటి గిన్నె యున్నది. 16వ శతాబ్దమున కొరియాలో పేరు తెలియని కుమ్మరి చేసిన గిన్నె అది. సామాన్యులు వాడుకొను గిన్నెగా అది పుట్టినదని యనగి సోయెత్సు (1889–1961) వ్రాసెను. నేడు అది ఆ దేశపు జాతీయ నిధి. చేసినవానికి ముట్టినది కొద్దిపాటి వెలయే యై యుండును. వస్తువుయొక్క యోగ్యతను ధర చెప్పలేదు. ధర చెప్పగలిగినది ఒక్కటే: చేసినవాడు రేపు మరల పని చేయగలడా, లేదా యనునది.

కొనువారికిని ఇందులో పాలున్నది. సామెతల గ్రంథము ఇరువదియవ అధ్యాయము పదునాలుగవ వచనములోని కొనుగోలుదారుని మనమందరము ఎరుగుదుము. వస్తువు పనికిరాదని యెదుట నిందించి, యింటికి పోవుచు తన బేరమును పొగడుకొనువాడతడు. ఫ్రిజ్ దుకాణములో చీటీమీది ధరను నోరెత్తక చెల్లించి, కుండలవానియొద్ద పది రూపాయలకు పావుగంట వాదించు విశ్వాసులు మనలో లేరా? క్వేకరులు పదునేడవ శతాబ్దములోనే ఒకే ధర చెప్పి దానికే అమ్మవలెనని నిశ్చయించుకొనిరి. ఎక్కువ చెప్పి తగ్గించుట అబద్ధమని వారి వాదము. పసిపిల్లవాడు వచ్చినను అదే ధరకు కొనిపోగలుగుట ఎంత మేలు!

అమ్మువాడు దాచరానివి కొన్ని కలవు. వ్రేలిమెటికతో తట్టినప్పుడు మంచి కుండ ఖంగుమనును. సన్నని బీట యున్నది బొంగురుగా పలుకును. బీటను బంకతో పూడ్చి రంగు పూసినయెడల కంటికి తెలియదు గాని చెవికి తెలియును. సీసము కలిసిన మెరుగుపూత పాత్రలలో పులుసులు, పచ్చళ్లు ఉంచినప్పుడు ఆ విషము ఆహారములోనికి దిగును. అట్టి గిన్నెను అందమునకు మాత్రమే వాడుకొనుమని చెప్పక అమ్మినవాడు ఎంత తక్కువకు అమ్మినను దొంగిలినట్లే. కూజా చెమర్చుట మాత్రము లోపము కాదు. సన్నని రంధ్రములగుండ నీరు వెలికి వచ్చి ఆవిరియగుటవలననే లోపలి నీరు చల్లబడును. తెలియనివారు దానిని లోపమని తిరిగి తెచ్చినప్పుడు ఓపికతో చెప్పవలెను.

ఉపాధ్యాయుడు ఇప్పుడు తన తమ్ముని ధరకంటె ఒక్క రూపాయియు తగ్గించుట లేదు. వచ్చినదానిలో ఖర్చు పోగా మిగిలినదానిని ఏమి చేయుచున్నాడో నేనడుగలేదు. అయినను ఒక చిక్కు తీరలేదు. చదువుకొన్నవాడు చేసినది కళయనియు, కులవృత్తిగా చేయువాని చేతిది కుండయనియు మన యిండ్లలో ఎంచుచున్నారు. ఒకే చెరువు మన్ను, ఒకే ఆవము; ఒకనిది బల్లమీదికి, మరియొకనిది పెరటిలోనికి పోవుచున్నది. బంగారు ఉంగరము గలవానికి మంచి స్థలమును చూపు సంఘమును యాకోబు గద్దించిన మాట దీనికిని చెల్లును.

గత రెండు సంవత్సరములుగా కోతపండుగనాడు, వేలము ముగిసిన పిమ్మట, ఆయన ఇద్దరి కూజాలను పేర్లు లేకుండ ఒకే బల్లమీద ఒకే ధరకు పెట్టించుచున్నాడు. మాస్టారిది ఏది యని అడుగువారు ఇప్పటికిని ఉన్నారు. తట్టి చూచి తీసికొనుమని మాత్రమే ఆయన బదులు చెప్పును. నిరుడు అమ్ముడుపోక నాలుగు మిగిలినవి. వాటిలో మూడు ఆయనవే.