సంకల్పము – సమర్పణము

ఏ శుభకార్యము తలపెట్టినను మనవారు ముందుగా సంకల్పము చెప్పుకొందురు. పురోహితుడు కల్పము, మన్వంతరము మొదలుకొని ద్వీపమును, వర్షమును, నదులను, సంవత్సరమును, మాసమును, తిథిని పేర్కొనుచు క్రమముగా దిగివచ్చి, తుదకు పీటపై కూర్చున్న యొక గృహస్థుని గోత్రనామముల కడ నిలిచి, అతడు చేయబోవు కర్మ మెట్టిదో, యెందులకో పలికించును. అటులుండగా భగవద్గీత యాఱవ యధ్యాయము సర్వసంకల్పములను సన్న్యసించినవానినే యోగారూఢుడనుచున్నది. ఒకచోట సంకల్పము లేనిదే కర్మ లేదు. మఱియొకచోట సంకల్పమును విడువనిదే యోగము లేదు. ఈ విరోధము ఏకాంతసాధకునికంటె సంస్థలను స్థాపించువారిని హెచ్చుగా బాధింపవలసినది. ఏలయన ఆస్పత్రియైనను, పాఠశాలయైనను, సేవాసంఘమైనను తన నియమావళిలో మొదట వ్రాసికొనవలసినది తన యుద్దేశమునే. అది యల్పమైనచో జనమును కదలింపజాలదు. మహత్తరమైనచో స్థాపకుల యహంకారమునకు ధ్వజము కావచ్చును. పెద్ద లక్ష్యమును ప్రకటించుటకును, ఫలాసక్తిని విడుచుటకును పొత్తు కుదురునా?

ఈ ప్రశ్నకు వ్యాఖ్యానగ్రంథములకంటె తమిళనాటి కోవిల్‌పట్టి పరిసరములందలి నల్లరేగడి నేల స్పష్టమైన సమాధానము చెప్పుచున్నది. తమిళులు కరిసల్ అని పిలుచు ఆ సీమలో తరతరాలుగా సేద్యము చేసికొని బ్రతుకుచున్న తెలుగు కుటుంబములు పెక్కు. అచటనే, ఎట్టయపురము చేరువనున్న వడమలాపురములో, 1918లో గోవిందప్ప వెంకటస్వామి జన్మించెను. పలకలైనను లేని అచటి పల్లెబడిలో పిల్లలు ఏటియొడ్డునుండి ఇసుక తెచ్చి పఱచుకొని వ్రేలితో అక్షరములు దిద్దుకొనిరి. బంధువర్గములోని స్త్రీలు ప్రసవవేళ మరణించుట బాల్యమున చూచిన ఆయన ప్రసూతివైద్యుడు కాగోరెను. కాని కీళ్లవ్యాధి వ్రేళ్లను వంకరచేయగా నేత్రవైద్యమునకు మరలి, ఆ వంకరవ్రేళ్లతోనే కత్తి పట్ట నేర్చి, జీవితకాలములో లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేసెను. ప్రభుత్వోద్యోగమునుండి విరమించిన పిదప, 58వ యేట, 1976లో మదురలో 11 పడకలతో అరవింద నేత్రాలయమును నెలకొల్పెను. దాని కాయన పెట్టిన లక్ష్యము నివారింపదగిన అంధత్వమును తుదముట్టించుట. పడకలు పదునొకండు, లక్ష్యము లోకవ్యాప్తము!

ఈ లక్ష్యములో సంస్థ పేరు లేదు, కీర్తి లేదు, ప్రథమస్థానము లేదు; ఉన్నది పరుల బాధ యొక్కటియే. అయినను అది మేరలేని యూహ కాదు. చికిత్సకు లొంగని చూపులేమిని ఆయన తన ప్రతిజ్ఞలో చేర్చలేదు. కొన్ని నిమిషముల శస్త్రచికిత్సతో తీరిపోవు శుక్లమువంటి వ్యాధులచే జనులు గ్రుడ్డివారగుటను మాత్రము సహింపననెను. మొదట పేదలకు చికిత్స ఉచితమనినను పలువురు రాలేదు. బస్సుకూలి, తిండి, తోడువచ్చువాని దినకూలి నష్టము వారి కడ్డుపడెను. ఉచితచికిత్స చేయుటయే సంస్థ యుద్దేశమైయున్నచో, ద్వారము తెఱచియుంచితిమి, రానివారిదే దోషమని చేతులు దులుపుకొనియుండవచ్చును. ఉద్దేశము అంధత్వమును పోగొట్టుట గనుక, పల్లెనుండి బస్సులో తెచ్చి, అన్నము పెట్టి, మరల నింటికి చేర్చుటయు వైద్యములో భాగమయ్యెను. శస్త్రశాలలో వైద్యుడు రెండు బల్లల నడుమ కూర్చుండును. ఒక బల్లపై శుక్లము తీయుట ముగియునప్పటికి రెండవ బల్లపై మఱియొక రోగిని, పల్లెలనుండి వచ్చి శిక్షణ పొందిన యువతులు సిద్ధపఱచి యుంతురు. సూక్ష్మదర్శిని ఇటునుండి యటు తిరుగును. లోకవ్యాప్తమైన లక్ష్యము ఇట్లు ఒక్క రోగి బల్ల కడకు దిగివచ్చినది; కల్పమునుండి గృహస్థుని కడకు దిగివచ్చు సంకల్పక్రమమే యిది.

ఇక గీతావాక్యము మాట. వైదికకర్మ సంకల్పముతో మొదలగును గాని దానితో ముగియదు. తుదకు నీరు విడిచి ఫలమును ఈశ్వరార్పణము చేయవలసియున్నది. శ్రీ అరవిందుల యనుయాయియైన వెంకటస్వామి తాను నిమిత్తమాత్రుడనని తలచినవాడు. ఆ తలపునకు నిదర్శనము మాటలలో గాక కార్యములో నున్నది. 1992లో అరవింద నేత్రాలయమునకు అనుబంధముగా ఆరోలాబ్ అను కర్మశాల స్థాపింపబడి, విదేశములనుండి అధికమైన వెలకు వచ్చుచుండిన కంటికటకములను అల్పమైన వెలకు తయారుచేసి ఇతర వైద్యాలయములకును అందించెను. తమ పద్ధతులనన్నిటిని అన్యసంస్థలకు నేర్పుటకై యొక శిక్షణసంస్థయు వెలసెను. స్వకీర్తియే లక్ష్యమైనచో పోటీదారునకు విద్య నేర్పుట వెఱ్ఱితనము. అంధత్వనివారణమే లక్ష్యమైనచో అంతకంటె వివేకము లేదు. కావున గీత విడువుమన్నది లక్ష్యమును గాదు, దానిపై మన హక్కును.

లక్ష్యమును వ్రాసితీరవలెనా యని యడుగువారికి ఆ తమిళసీమలోనే విరుదునగరము సమాధానముగా కలదు. దేవాలయప్రవేశము సైతము నిషేధింపబడిన నాడారులు అచట ఇంటింట వండుకొను బియ్యమునుండి పిడికెడు తీసిపెట్టి క్షత్రియ విద్యాశాలను నడిపిరి. 1903లో ఆ యూర పుట్టి ఆ బడిలో చదివిన కామరాజు, ముఖ్యమంత్రియైన పిమ్మట 1956లో మదరాసు రాష్ట్రపు బడిపిల్లలకు మధ్యాహ్నభోజనమును విస్తరింపజేసెను. పిడికెడు బియ్యము తీసిన గృహిణి యే ప్రకటనను చదివియుండలేదు. కాని తన బియ్యమెందులకో ఆమెకు తెలియును. ఆ తెలివి కలిగింపలేని ఉద్దేశపత్రము ఎంత గంభీరముగా నున్నను వ్యర్థము.

సంకల్పము లేని సమర్పణము సోమరితనమునకు, సమర్పణము లేని సంకల్పము దురాశకు దారితీయును. కాబట్టి సంఘములు స్థాపింపబూనిన సోదరులారా, మీ యుద్దేశమును వ్రాయుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ కార్యమును మనకంటె ముందుగా మఱియొకరు నెరవేర్చినచో మనము సంతోషింపగలమా? గలమన్నచో ఎంత పెద్ద లక్ష్యమునైనను నిర్భయముగా వ్రాయుడు. లేమన్నచో కలము క్రింద పెట్టి, మఱల నాలోచింపుడు.